16 ఏళ్ళ ఆడ బోవాను మళ్ళీ జతకట్టించవచ్చా?

ప్రశ్న వేసిన సభ్యుడు:

మిత్రులందరికీ నమస్కారం. నా దగ్గర 16 ఏళ్ళ ఆడ బోవా కన్‌స్ట్రిక్టర్ పాము ఉంది. పెంపకం మానుకున్న ఒక పెద్దాయన దగ్గర నుంచి రెండేళ్ళ క్రితం తెచ్చుకున్నాను. ఆయన రాసిపెట్టుకున్న పుస్తకం ప్రకారం అది 5వ ఏట ఒకసారి, 8వ ఏట మరోసారి ఈనింది. రెండో ఈతలో 23 పిల్లలు బతికాయి. ఆ తర్వాత ఎనిమిదేళ్ళుగా దాన్ని మగపాముతో కలపలేదు. ఇప్పుడు కలుపుదామని అనగానే ఒకరు “వయసు మళ్ళింది, ఇక స్లగ్స్ (ఫలించని అండాలు) తప్ప ఏమీ రావు” అన్నారు. మరొకరు “పాముకు అదేమంత వయసు కాదు” అన్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవారే. ఏ మాట నమ్మాలో తెలియక అడుగుతున్నాను.

చాలా ఏళ్ళుగా బోవాలు పెంచుతున్న సభ్యుడు:

నేను రెండో మాట వైపే ఉంటాను. మనిషికైనా పిల్లికైనా పుట్టినప్పుడే అండాల లెక్క దాదాపు ఖరారైపోతుంది, ఆ తర్వాత ఉన్నవి తరుగుతూ పోవడమే. పాముల అండాశయంలో అలా కాదు, పెద్దయిన తర్వాత కూడా కొత్త అండకణాలు పుడుతూనే ఉంటాయి. కాబట్టి ఫలానా ఏడుతో గర్భం ఆగిపోతుందనడానికి ఆధారం లేదు. ఫిలడెల్ఫియా జంతుప్రదర్శనశాలలో ‘పాపాయ్’ అనే మగ బోవా 40 ఏళ్ళ 3 నెలలు దాటి బతికి 1977లో చనిపోయింది. అంత ఆయుష్షు ఉండగలిగిన జాతిలో 16 ఏళ్ళ ఆడదాన్ని ముసలిదని ఎలా అంటాం? సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలలో సుమారు 62 ఏళ్ళ బాల్ పైథాన్ (ఒక రకం కొండచిలువ) 2020లో 7 గుడ్లు పెట్టిన సంగతి కూడా గుర్తు చేస్తున్నాను. నా సొంత పాముల్లో ఒకటి 17వ ఏట 19 పిల్లల్ని ఈనింది. అన్నీ బతికాయి, తల్లి నెల తిరక్కుండానే మేత అందుకుంది.

పశువైద్యురాలైన సభ్యురాలు:

పైన చెప్పిన విషయాలు నిజమే, కానీ వాటి నుంచి తీసిన తీర్పుతో నేను ఏకీభవించలేను. ఆ పైథాన్ చాలా ఏళ్ళుగా మగపాముకు దూరంగా ఉంది. ముసలి వయసులోనూ అండాశయం పనిచేస్తుందని అది రుజువు చేసింది, అంతే. పైథాన్ గుడ్లు పెట్టగానే మోసే భారం తీరిపోతుంది. బోవా అలా కాదు. అండం విడుదలైన తర్వాత వచ్చే కుబుసం విడిచిన నాటి నుంచే లెక్కవేసినా సుమారు 100 నుంచి 120 రోజులు పిల్లల్ని కడుపులోనే మోసి, మేత దాదాపు మానేసి, చివరికి ఒక్కొక్క పిల్లనూ కండబలంతో బయటికి నెట్టాలి. ప్రశ్న అండాశయానిది ఒక్కటే కాదు, అండవాహికది, పొట్ట కండరాలది కూడా. సరీసృపాలకు వార్ధక్యం రాదన్న నమ్మకమూ నిలవలేదు. మిసిసిపీ నది ఒడ్డున పెయింటెడ్ తాబేళ్ళను దశాబ్దాల పాటు గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనం, వాటిలోనూ వయసుతో క్షీణత ఉంటుందని తేల్చింది.

నేను చూసిన ఒక పామును గురించి చెబుతాను. 14 ఏళ్ళ వయసులో తొలిచూలు. చిన్న పెట్టెలో పెరిగి, వారం వారం మేత తిని, తోక మొదలు దగ్గర పట్టుకుంటే కొవ్వు ముద్దలు ముద్దలుగా చేతికి తగిలేది. సాయంత్రం ఈనడం మొదలుపెట్టి 6 పిల్లల్ని, 11 స్లగ్స్‌ను వదిలి ఆగిపోయింది. స్లగ్స్ పసుపుపచ్చగా మైనం ముద్దల్లా ఉంటాయి. ఇంకా కడుపులో ఉన్నాయని యజమానికి తెలియదు. మూడో రోజు నా దగ్గరికి తెచ్చినప్పుడు వేలితో పొట్ట కింద మెల్లగా నిమిరితే మూడు చోట్ల గట్టిగా తగిలింది. కోసి చూస్తే అండవాహిక గోడ తడిసిన కాగితంలా ఉంది, కుట్టు వేస్తే దారం నిలవలేదు. దాన్ని కాపాడలేకపోయాను. అందుకే “వయసు లెక్కలోకి రాదు” అన్న మాట వింటే నాకు బాధ కలుగుతుంది.

ఇంకొక సభ్యుడు:

ఇద్దరి మాటలూ శ్రద్ధగా చదివాను. మీ ఇద్దరూ ఒకే రకం పామును గురించి మాట్లాడటం లేదని నాకు అనిపిస్తోంది. పై సభ్యుడి 17 ఏళ్ళ పాము అంతకుముందు ఎన్ని ఈతలు ఈనిందో ఆయన రాయలేదు గానీ, అది ఒళ్ళు అలవాటు పడిన తల్లే అయి ఉంటుందని నా ఊహ. డాక్టర్ గారు చూసినది ఒళ్ళు కొవ్వు పట్టిన తొలిచూలు పాము. ఆ చావును వయసు ఒక్కదానికే అంటగట్టడం ఎంత పొరపాటో, ఆ 17వ ఏటి కాన్పు చూసి వయసు లెక్కలోకే రాదనడం కూడా అంతే పొరపాటు. ప్రశ్న వేసిన వారి పాము మూడో రకం, రెండుసార్లు ఈని తర్వాత ఎనిమిదేళ్ళు ఖాళీగా ఉన్నది. దాన్ని తొలిచూలుతో పోల్చి భయపడనక్కర్లేదు, ఏటేటా ఈనుతున్న దానితో పోల్చి ధీమా పడనూ కూడదు.

స్లగ్స్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ముసలి పాము స్లగ్స్ వేస్తే వయసును అంటాం, నాలుగేళ్ళ పాము వేస్తే మగపామును అనుమానిస్తాం. ఇది న్యాయం కాదు. అండం విడుదలయ్యే వేళకు మగపాము దగ్గర లేకపోయినా, మగది ఇంకా ఎదగకపోయినా, వెచ్చని చోటు సరిగా కుదరకపోయినా ఏ వయసు పాముకైనా స్లగ్స్ వస్తాయి. ఒక్క ఈత చూసి గొడ్డుబోయిందని తీర్మానించే ముందు వేరే మగపాముతో ఇంకొకసారి చూడాలి.

ఇక ఈ పాము విషయంలో నేనైతే ఈ ఏడాది జత కలపను. ముందు మేత తగ్గించి, పెద్ద గూటిలో ఎక్కడానికి లావుపాటి కొమ్మలు పెట్టి, కొవ్వు దిగి కండ పట్టేదాకా ఆగుతాను. ఆ తర్వాత అల్ట్రాసౌండ్ తీయిస్తాను. ఎండి గట్టిపడిన పాత అండాలు లోపల మిగిలి ఉంటే అది వెంటనే చెబుతుంది, ఆ పామును ఇక కలపను. రెప్టరీనా వైరస్ (బోవాల్లో ప్రాణాంతకమైన ఇంక్లూజన్ బాడీ వ్యాధికి కారణమయ్యేది) పరీక్ష మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మానకూడదు. పైకి ఆరోగ్యంగా కనిపించే పాము కూడా ఏళ్ళ తరబడి దాన్ని మోస్తుంది, తల్లి నుంచి పిల్లలకు అంటుతుంది, పాత చేతుల నుంచి వచ్చిన పాముకు ఆ చరిత్ర మనకు తెలియదు. ఇవన్నీ దాటి చూడి కట్టి ఈనితే, కనీసం రెండేళ్ళు దాని జోలికి పోకూడదు. ఈనిన తల్లికి వెన్నెముక పైకి తేలి, చర్మం ముడతలు పడి ఉంటుంది. పడుచు పాము ఒక్క ఏడాదిలో తేరుకోవచ్చు, ముసలిదానికి ఆ తొందర వద్దు.

పశువైద్యురాలైన సభ్యురాలు:

దీనితో నాకు పెద్ద పేచీ లేదు. ఒక్కటే కలుపుతాను: ఈనడం మధ్యలో ఆగి పొట్టలో గట్టిగా తగులుతుంటే మూడో రోజు దాకా ఆగకండి, మర్నాడే తీసుకురండి.

చాలా ఏళ్ళుగా బోవాలు పెంచుతున్న సభ్యుడు:

నా పాముకు ఆ 17వ ఏట ఈత అయిదోది. ఆ మాట ముందే రాయవలసింది. అయినా వయసు ఒక్కదాన్నీ చూసి పామును పక్కన పెట్టడం తప్పన్న నా అభిప్రాయం మారలేదు.

ప్రశ్న వేసిన సభ్యుడు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి దాన్ని ఒళ్ళో పెట్టుకుని తోక మొదలు దగ్గర నిమిరి చూశాను. డాక్టర్ గారు చెప్పినంత కాదు గానీ, వేళ్ళకు మెత్తగా కొవ్వు తగిలింది. ఈ ఏడాది మగపామును కలపడం లేదు. వైరస్ పరీక్ష కోసం రక్తం వచ్చే వారం తీయిస్తున్నాను, దాని ఫలితం రాగానే ఇక్కడే తెలియజేస్తాను.