అప్‌డేట్: జార్జియా కుక్క న్యూజెర్సీ చేరింది
జార్జియా షెల్టర్‌లో దత్తత తీసుకున్న పెద్ద కుక్కను న్యూజెర్సీకి ఎలా తెచ్చుకోవాలని గత నెల అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. చివరికి పనిచేసింది ‘పైలట్స్ ఎన్ పాస్’, అంటే షెల్టర్ జంతువులను స్వచ్ఛంద పైలట్లు విమానంలో చేరవేసేలా చూసే సంస్థ. షెల్టర్ వారు అందులో అభ్యర్థన పెడితే ఇద్దరు స్వచ్ఛంద పైలట్లు ముందుకొచ్చారు. ఒకరు వర్జీనియా దాకా, అక్కడి నుంచి మరొకరు. నాలుగు సీట్ల చిన్న సెస్నా విమానం! ఇంధనం ఖర్చు వారిదే, ఎంత బతిమాలినా డబ్బు తీసుకోలేదు.

వారు అడిగినవి పశువైద్యుడి ఆరోగ్య ధ్రువపత్రం, రేబిస్ టీకా కాగితం. ప్రయాణంలో కుక్కకు మత్తుమందు ఇవ్వాలా వద్దా అని అప్పుడు మనం చేసిన చర్చంతా వృథా. డాక్టరు వద్దన్నారు, ఇంజను మోతకు అది హాయిగా నిద్రపోయిందట. అసలు చిక్కు వాతావరణం. మబ్బుల వల్ల ప్రయాణం రెండుసార్లు వాయిదా పడింది. ఆఫీసుకు సెలవు పెట్టేవారు ఒక్క రోజే పెట్టకండి.