చేపల ట్యాంక్‌లో అనూబియాస్ కుళ్లింది, క్రిప్ట్ కరిగింది: మొక్కలకు పెద్ద లైటు కొనాలా?

గప్పీల గూడు:
ట్యాంక్ 24×12×12 అంగుళాలు. 10 వాట్ల ఎల్‌ఈడీ, రోజుకు పది గంటలు వెలుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ లేదు. అడుగున రెండంగుళాల గ్రావెల్, బోరు నీళ్లు, ఎనిమిది గప్పీ చేపలు. మూడు వారాల కింద అనూబియాస్ నానా, క్రిప్టోకొరైన్ వెండ్టీ (క్రిప్ట్), షాపులో నీటి మొక్కే అని ఇచ్చిన లక్కీ బాంబూ పెట్టాను. అనూబియాస్ మొదలు మెత్తబడి కంపు కొడుతోంది. క్రిప్ట్ ఆకులు జావలా అయిపోయాయి. బాంబూ పసుపెక్కింది. వెలుతురు చాలకేనా?

నీటితోట:
లైటు జోలికి వెళ్లకండి. మూడింటికీ మూడు వేరు వేరు జబ్బులు.

అనూబియాస్‌ని గ్రావెల్‌లో పాతిపెట్టి ఉంటారు. ఆకులన్నీ పుట్టుకొచ్చే ఆ అడ్డ కాండాన్ని రైజోమ్ అంటారు, అల్లం కొమ్ములా ఉంటుంది. అది కప్పబడిపోతే కుళ్లుతుంది. బయటికి తీసి వేలితో నొక్కి చూడండి. మెత్తగా ఉన్నంత మేరా పదునైన బ్లేడుతో కోసెయ్యండి, కోసిన చోట లోపల గట్టిగా, పచ్చగా కనబడాలి. రెండు ఆకులున్న ముక్క మిగిలినా చాలు, బతుకుతుంది. నూలు దారంతో రాయికో డ్రిఫ్ట్‌వుడ్‌కో కట్టండి, లేదా సూపర్ గ్లూ జెల్ చుక్క పెట్టి అంటించండి. జావా ఫెర్న్ అనే నీటి మొక్కకీ ఇదే పద్ధతి.

క్రిప్ట్ చావలేదు. నర్సరీల్లో చాలావరకు ఆకులు గాలిలో ఉండేలా పెంచుతారు, నీట మునగగానే పాత ఆకులు కరిగిపోతాయి. కుళ్లిన ఆకులు కత్తిరించి, వేరు కదపకుండా వదిలేయండి. మూడు నాలుగు వారాల్లో కొత్త చిగుళ్లు వస్తాయి. చాలామంది ఈలోపే పీకి పారేస్తారు, అక్కడే అసలు నష్టం.

లక్కీ బాంబూ నీటి మొక్కే కాదు, డ్రసీనా అనే నేల మొక్క. వేళ్లు నీళ్లలో, ఆకులు బయట ఉంటేనే నిలుస్తుంది.

పాచిపట్టు:
పై మాటలకు నాదో చేర్పు. పది గంటల లైటు ఎక్కువే. అనూబియాస్ నెలకు ఒకటో రెండో ఆకులు వేస్తుంది. అంత నిదానంగా పెరిగే ఆకు మీద వెలుగు అదే పనిగా పడితే ముందు పాచి పడుతుంది, అంచుల్లో నల్ల కుచ్చు మొలుస్తుంది. టైమర్ పెట్టి ఆరు గంటలకు దించండి, కొత్త ఆకులు శుభ్రంగా వస్తుంటే ఏడు చేయండి.

నిదానపు మొక్కలు ఒక్కటే పెడితే గప్పీల వ్యర్థాన్ని పీల్చుకునేది ఉండదు. త్వరగా పెరిగే హార్న్‌వర్ట్ మొక్క గుప్పెడు పైన తేలనివ్వండి, దానికి మట్టితో పనిలేదు. వెనక వరసకు వాలిస్నేరియా, బోరు నీళ్ల గట్టిదనం (కరిగిన సున్నం లాంటి లవణాలు) దానికి బాగా పడుతుంది. లిక్విడ్ కార్బన్ (మొక్కలకని సీసాలో అమ్మే ద్రవం) మాత్రం వద్దు, వాలిస్నేరియా ఆకులు కరిగిపోతాయి. క్రిప్ట్ వేరు పక్కన రూట్ ట్యాబ్ (ఎరువు బిళ్ల) ఒకటి పాతండి, వట్టి గ్రావెల్‌లో తిండి దొరకదు.

గప్పీల గూడు:
థాంక్స్ అండీ. నొక్కి చూస్తే అనూబియాస్ సగం గట్టిగానే ఉంది, కోసి కట్టాను. చెరువులోంచి హైడ్రిల్లా తెచ్చి వేస్తే హార్న్‌వర్ట్ బదులు సరిపోతుందా?

నీటితోట:
హైడ్రిల్లాతో బాటు జలగలు, నత్త గుడ్లు, తూనీగ పిల్లలు వస్తాయి. తూనీగ పిల్ల గప్పీ పిల్లల్ని తినేస్తుంది. తేక తప్పదనుకుంటే వేరే బకెట్‌లో రెండు వారాలు పెట్టి, రోజూ టార్చి వేసి చూసి, కదిలేవన్నీ ఏరెయ్యాలి. దానికంటే షాపు హార్న్‌వర్ట్ నయం.

పాచిపట్టు:
ముందు ముందు జావా ఫెర్న్ కొంటే ఒక్క మాట. ఆకు అడుగున వరసగా గోధుమరంగు చుక్కలు కనబడితే జబ్బనుకుని కత్తిరించొద్దు. ఫెర్న్ సిద్ధబీజాల (స్పోర్ల) గుంపులవి. ముదురు ఆకు అంచున సన్నటి వేళ్లతో మొలిచే పిల్ల మొక్కల్ని రెండంగుళాలయ్యాక గిల్లి ఇంకో రాయికి కట్టుకోవచ్చు.