అప్‌డేట్ (పరిష్కారమైంది): అస్టిగ్మాటిక్ గాసియన్ సోర్స్, స్లో యాక్సిస్ ఫోకస్ తేడా

ముందుగా సాయం చేసిన అందరికీ థ్యాంక్స్. సమస్య ఇదీ: 650 నానోమీటర్ల లేజర్ డయోడ్, 4 మి.మీ. ఫోకల్ లెంగ్త్ (ఎఫ్) ఉన్న లెన్స్. ఫాస్ట్ యాక్సిస్ (కాంతి ఎక్కువగా విచ్చుకునే దిశ) కాలిమేట్ అయ్యాక, అంటే సమాంతరమయ్యాక, స్లో యాక్సిస్ (తక్కువగా విచ్చుకునే దిశ) ఫోకస్ కిరణాల సిమ్యులేషన్‌లో 1.6 మీటర్ల దగ్గర వస్తోంది, బెంచ్ మీద మాత్రం దాదాపు 85 సెం.మీ. దగ్గరే.

పనిచేసింది "కిరణాలన్నీ ఒకే బిందువు నుంచి పుట్టించకండి" అన్న సలహా. అస్టిగ్మాటిజం (రెండు యాక్సిస్‌ల కాంతి మొదలయ్యే చోట్ల మధ్య దూరం) 10 మైక్రాన్లు కాబట్టి జ్యామితి ప్రకారం ఎఫ్ వర్గాన్ని దానితో భాగిస్తే 1.6 మీటర్లే. కానీ స్లో యాక్సిస్ వెయిస్ట్ (కాంతిపుంజం అతి సన్నగా ఉండే చోటు) వ్యాసార్థం 1.4 మైక్రాన్లు, అంటే రేలీ రేంజ్ (వెయిస్ట్ నుంచి పుంజం పెద్దగా విచ్చుకోకుండా సాగే దూరం) 9.4 మైక్రాన్లు, దాదాపు అస్టిగ్మాటిజమంత! దాన్ని లెక్కలోకి తీసుకుంటే 85 సెం.మీ. వస్తుంది. ఇది చూసి నిజంగా ఆనందమేసింది.

ఇప్పుడు ఒక్కో యాక్సిస్‌కు దాని వెయిస్ట్ ఉన్న చోటే స్థానాన్నీ కోణాన్నీ విడివిడిగా గాసియన్ ర్యాండమ్‌గా ఇస్తున్నాను. స్థానం ప్రామాణిక విచలనం వెయిస్ట్ వ్యాసార్థంలో సగం, కోణానిది డైవర్జెన్స్ (కాంతి విచ్చుకునే) అర్ధకోణంలో సగం ఉండాలి.

డేటాషీట్ కోణం తీవ్రత సగానికి పడే చోట కొలిచిన పూర్తి కోణం. తీవ్రత 13.5 శాతానికి పడే అర్ధకోణం కావాలంటే 0.85తో గుణించాలి: 10 డిగ్రీలు 8.5 అవుతుంది.

కిరణాల సంఖ్య, డిటెక్టర్ పిక్సెల్ సైజు, లెన్స్ గాజు డేటా: వీటికీ దీనికీ సంబంధం లేదు, మార్చి చూసినా ఫోకస్ కదల్లేదు.