పెగాసస్ కథను గుర్రం వైపు నుండి చెప్పిన నవల ఏదైనా ఉందా?

గ్రీకు పురాణాలలో పెగాసస్ అనేది ఒకే ఒక రెక్కల గుర్రం పేరు. వీరుడు పెర్సియస్ పాముల జుట్టున్న రాక్షసి మెడూసా తల నరికినప్పుడు ఆమె మెడ నుండి పుట్టి, కైమీరా అనే రాక్షస మృగాన్ని చంపడంలో బెల్లెరోఫోన్ అనే వీరుడికి తోడ్పడి, చివరకు దేవతల రాజు జ్యూస్ పిడుగులను మోసే పనిలో కుదురుకున్న గుర్రం అది. నేటి ఫాంటసీ నవలలలో మాత్రం ఆ పేరు తరచుగా ఒక జాతి పేరుగా, ఎగిరే వాహనాల మందగా కనిపిస్తున్నది (రెక్కలున్నా లాయం తప్పలేదన్నమాట). 1955లో వచ్చిన సి. ఎస్. లూయిస్ పిల్లల నవల ‘ది మెజీషియన్స్ నెఫ్యూ’లో లండన్ బండిగుర్రానికి రెక్కలు మొలిచే ఘట్టం నాకు ఇష్టమే గాని, అది పెగాసస్ కథ కాదు.

దేవతల నివాసమైన ఒలింపస్‌కు ఎగరబోయిన బెల్లెరోఫోన్ మధ్యలో కింద పడిపోగా, రౌతు లేని గుర్రం ఒంటరిగా పైకి సాగిపోయిన ఆ ఘట్టాన్ని గుర్రం వైపు నుండి చెప్పిన ఆధునిక నవల గాని కథ గాని ఎవరైనా చదివి ఉంటే దయచేసి పేరు తెలుపగలరా? పిల్లల పుస్తకమైనా అభ్యంతరం లేదు. తెలుగు అనువాదమైతే మరీ సంతోషం.