నెలనెలా కొంచెం ఇవ్వడమా, ఏడాదికోసారి మొత్తం ఇచ్చేయడమా?

రాజోలు కుర్రాడు:
అందరికీ నమస్కారమండి. నాది హైదరాబాద్‌లో జాబ్, ఊరు రాజోలు దగ్గర. మా ఊళ్ళో రిటైరైన మేష్టార్లు నలుగురు కలిసి చిన్న ట్రస్టు నడుపుతున్నారు, పిల్లలు గల్ఫ్‌లోనో సిటీలోనో ఉండి ఒంటరిగా మిగిలిపోయిన ముసలాళ్ళకి రోజూ మధ్యాహ్నం క్యారేజీ పంపుతారు. కార్తీకమాసంలో వెళ్ళినప్పుడు 6000 ఇవ్వబోతే లెక్కలు చూసే మేష్టారు "ఒక్కసారే వద్దు బాబూ, నెలకి 500 చొప్పున పంపు" అన్నారు. ఎందుకని అడగడానికి మొహమాటమేసింది. ఎలా ఇచ్చినా అదే డబ్బు కదా? టాక్స్ సంగతి కూడా తెలిస్తే చెప్పండి.

పాలకొల్లు అక్క:
తమ్ముడూ, ఆయన చెప్పిందే కరెక్టు. ఇలాంటి వంటింట్లోనే నాలుగేళ్ళుగా కూరలు తరుగుతున్నాను కాబట్టి చెప్తున్నా. కార్తీకమాసంలో ఇచ్చేవాళ్ళు వరస కడతారు, పుట్టినరోజని ఒకరు, తద్దినమని ఒకరు, అందరూ పులిహోర, పూర్ణాలే పెట్టమంటారు, తినేవాళ్ళలో సగంమందికి షుగరు. అదే ఆషాఢం వస్తే అడిగే నాథుడుండడు, సార్వా పెట్టుబడులకి రైతుల చేతిలో డబ్బాడదు, గోదారి ఎర్రనీళ్ళు వచ్చేదీ అప్పుడే. 2022 జులై వరదల్లో గోదారి మధ్య లంకలోకి క్యారేజీలు పడవ మీద పంపేం, ఆ కిరాయి కట్టి కూడా వంటావిడకి జీతం ఇవ్వగలిగేమంటే నెలనెలా 200, 300 వేసే ఓ ముప్పైమంది వల్లే. ఇంత వస్తుందని ముందే తెలిస్తే దాళ్వా కోతలప్పుడే రైతుతో మాట్లాడుకుని బియ్యం ఆడించుకుంటాం, కొట్లో అరువు పెట్టక్కర్లేదు.

రాజోలు కుర్రాడు:
అక్కా, మరి ఆ 6000 బ్యాంకులో వేసుకుని నెలకింత తీసుకోవచ్చు కదా?

పాలకొల్లు అక్క:
చేతిలో ఉన్న డబ్బు ఆగదురా తమ్ముడూ, మిక్సీ పాడైందనో రేకులు కారుతున్నాయనో అయిపోద్ది. ఇంకోటి, ఒకసారి ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఏడాదిదాకా మా వైపు చూడరు, నెలనెలా ఇచ్చేవాళ్ళయితే ఈ నెల ఎలా ఉందని అడుగుతారు. ఆ అడగడం కూడా మాకు కావాలి.

భీమవరం బాబాయి:
నేను మా ఊళ్ళో ఇలాంటి వంటింటికే ఆరేళ్ళుగా నెలకి 300 వేస్తున్నాను. మా అమ్మ పోయేక ఊరెళ్ళడానికి నాకు పనంటూ లేకుండా పోయింది, ఇల్లు కూడా తాళమే. ఇప్పుడెళ్తే ముందు ఆ వంటింటికే వెళ్తాను, ఒకటిరెండు క్యారేజీలు నేనే పట్టుకెళ్తాను. ఓ మామ్మగారున్నారు, ఖాళీ క్యారేజీ ఎప్పుడూ ఊరికే పంపరు, శుభ్రంగా తోమి పై గిన్నెలో రెండు ములక్కాడ ముక్కలో నాలుగు పచ్చిమిరపకాయలో పెట్టి పంపుతారు. ఊరికే తినడం ఆవిడకి ఇష్టం ఉండదు. ఏడాదికోసారి చెక్కు రాసిచ్చి ఫొటో దిగి వచ్చేసుంటే ఇది నాకు తెలిసేది కాదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) ఏ వేళ ఎవరొచ్చినా అన్నం పెట్టేరు, 2024లో బడి భోజనానికి ఆవిడ పేరే పెట్టేరు. ఏదో ఒకరోజు పెద్ద సంతర్పణ చేసినందుకు కాదండి ఆ పేరు, రోజూ పెట్టినందుకు.

తణుకు లెక్కల మనిషి:
టాక్స్ వరకు నేను చెప్తాను. విరాళాల మీద టాక్స్ మినహాయింపుకి కావలసిన రిజిస్ట్రేషన్ (80జి అంటుంటాం) ట్రస్టుకి ఉండి, మీరు పాత టాక్స్ పద్ధతిలో రిటర్న్ వేస్తుంటే మామూలుగా ఇచ్చినదాంట్లో సగానికి మినహాయింపు, దానికో పరిమితి ఉంది. క్యాష్ 2000 దాటితే రాదు. కొత్త పద్ధతిలో అసలు లేదు. చిన్న ట్రస్టులు చాలావాటికి ఆ రిజిస్ట్రేషనే ఉండదు, అంతమాత్రాన మోసం అనుకోకండి, ఖర్చుల పుస్తకం చూపించమనండి, మంచివాళ్ళయితే సంతోషంగా చూపిస్తారు.

రాజోలు కుర్రాడు:
అందరికీ థాంక్సండి. ఒకటో తారీఖు నుంచి 500 ఆటోపే పెట్టేను. ఆ మాట చెప్దామని మేష్టారికి ఫోన్ చేస్తే, మా ఇంటెనకాల మామ్మగారికి కూడా రెండేళ్ళుగా అక్కణ్ణించే క్యారేజీ వెళ్తోందన్నారు. నాకు తెలీనే తెలీదు. చిన్నప్పుడు ఆవిడ అరుగు మీదే ఆడుకునేవాళ్ళం. సంక్రాంతికి వస్తున్నాను, ఆ నాలుగు రోజులూ ఆవిడ క్యారేజీ నేనే పట్టుకెళ్తానని చెప్పేను.