డీఎఫ్ కమాండు డిస్కు 100 శాతం నిండిందంటోంది, డీయూ కమాండు 71 జీబీయే చూపిస్తోంది. మిగతాది ఎక్కడుంది?

స్టూడియో తమ్ముడు:
అందరికీ నమస్కారం. విశాఖలో జగదాంబ దగ్గర మాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. ఉబుంటు లినక్స్ పెట్టిన పాత డెస్క్‌టాపే మా సర్వరు. సిస్టమ్ 240 జీబీ ఎస్‌ఎస్‌డీ మీద, పెళ్ళి ఫోటోలు వేరే 4 టీబీ డిస్కులో (/డేటా), బ్యాకప్ యూఎస్‌బీ డిస్కులో (/ఎంఎన్‌టీ/బ్యాకప్). పొద్దున్నుంచి బిల్లింగు ప్రోగ్రామ్ 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' (డిస్కులో చోటు లేదు) అని మొండికేసింది. ఎల్‌ఎస్ -ఎల్ అని పట్టీ చూపే కమాండు కొట్టి చూస్తే ప్రతి ఫోల్డరు పక్కనా 4096 అనే ఉంది. ఏది బరువో ఎలా తెలుస్తుందండీ? కార్తీకం ముహూర్తాలు, ఆల్బమ్‌ల కోసం జనం గుమ్మంలో ఉన్నారు.

పాత యునిక్స్:
తమ్ముడూ, ఆ 4096 ఫోల్డరులో ఉన్న సరుకు బరువు కాదు, పేర్ల పట్టీ రాసుకున్న పుస్తకం బరువు. సరుకు తూచాలంటే డీయూ, డిస్కు మొత్తం లెక్క కావాలంటే డీఎఫ్. రెండూ 1971లో వచ్చిన మొదటి యునిక్స్ (లినక్స్‌కి తాత లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) నాటివే. ముందు డీఎఫ్ -హెచ్ కొట్టు, తర్వాత ఇది:

సుడో డీయూ -ఎక్స్‌హెచ్ --మ్యాక్స్-డెప్త్=1 / | సార్ట్ -హెచ్

నేను పలికినట్టు రాస్తున్నా, నువ్వు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టుకో. సుడో (రూట్, అంటే సిస్టమ్ యజమాని, అధికారం) లేకపోతే డీయూ తనకు తలుపు తెరవని ఫోల్డర్లను లెక్కలోకి తీసుకోదు. చివర సార్ట్‌కి -ఎన్ ఇవ్వకు. అంకె ఒక్కటే చూసి 900 కేబీని 71 జీబీ కంటే పెద్దదని కింద కూర్చోబెడుతుంది.

గాజువాక:
అంత దూరం ఎందుకు, డీయూ -ఎస్‌హెచ్ /* చాలు కదా?

పాత యునిక్స్:
చాలదు. -ఎక్స్ లేకపోతే /డేటా, యూఎస్‌బీ అన్నీ కలిపి తూస్తుంది. మనకు కావలసింది ఎస్‌ఎస్‌డీ ఒక్కటే. పైగా హోమ్ ఫోల్డరులో నక్షత్రం గుర్తు వాడితే చుక్కతో మొదలయ్యే దాపుడు ఫోల్డర్లు తగలవు. బ్రౌజరు క్యాషే అంతా .క్యాషే అనే దాంట్లోనే ఉంటుంది.

స్టూడియో తమ్ముడు:
కొట్టాను. డీఎఫ్: మొత్తం 219, వాడింది 208, మిగిలింది 0, 100%. డీయూ మొత్తం మాత్రం 71 జీబీ! రెండింటిలో ఒకటి అబద్ధం చెబుతోందా? ఇంకోటి, 219లో 208 పోతే 11 ఉండాలి కదా, సున్నా ఏటి?

ఎంవీపీ సెక్టార్:
11 సంగతి నేను చెబుతా. ఈఎక్స్‌టీ4 (డిస్కులో ఫైళ్ళు సర్దే పద్ధతి) మామూలుగా 5 శాతం రూట్ కోసం దాచి ఉంచుతుంది. మామూలు యూజర్లకు నిండిపోయినా రూట్ లోపలికొచ్చి పని చేసుకోవడానికి. డబ్బా మీద 240 అని ఉన్నది 1000 లెక్క, డీఎఫ్ -హెచ్‌ది 1024 లెక్క, అందుకే మొదట్లోనే అంకె తగ్గి కనిపిస్తుంది.

గాజువాక:
లాగులు (ప్రోగ్రాములు రాసుకునే చిట్టాలు) పెరిగుంటాయి బాసూ. /వార్/లాగ్‌లో పెద్ద ఫైళ్ళు ఆర్‌ఎం (చెరిపే కమాండు) కొట్టి పడెయ్.

పాత యునిక్స్:
వద్దు. లాగులు డీయూకి కనబడతాయి, ఆ 71లోనే ఉన్నాయి. ఒక ప్రోగ్రామ్ తెరిచి పట్టుకున్న ఫైలుని ఆర్‌ఎం కొడితే పేరు పోతుంది, చోటు పోదు. డీయూకి కనబడదు, డీఎఫ్ మాత్రం లెక్కేస్తుంది. నీ తేడాకి మొదటి అనుమానం అదే. సుడో ఎల్‌సాఫ్ +ఎల్1 కొట్టు తమ్ముడూ, అలా పేరు పోయినా తెరిచి ఉన్న ఫైళ్ళు చూపిస్తుంది. ఈ ఒక్క ఎల్ మాత్రం పెద్దక్షరం.

స్టూడియో తమ్ముడు:
నాలుగు లైన్లొచ్చాయి, అన్నీ కలిపి 20 ఎంబీ కూడా లేవు. 137 జీబీ ఇంకా దొరకలేదు.

పాత యునిక్స్:
అయితే ఒక్క ప్రశ్న. ఈ మధ్య కరెంటు పోయి సర్వరు తనంతట తాను లేచిందా? యూఎస్‌బీ డిస్కు అప్పుడు తగిలించి ఉందా?

స్టూడియో తమ్ముడు:
మొన్న వాయుగుండం వానకి సాయంత్రం కరెంటు పోయింది, యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. గోడ తడుస్తోందని నాన్న యూఎస్‌బీ డిస్కు పీకి బీరువాలో పెట్టారు. పొద్దున నేనే మళ్ళీ తగిలించి /ఎంఎన్‌టీ/బ్యాకప్ ఫోల్డరుకి మౌంట్ చేశాను (అతికించాను).

పాత యునిక్స్:
దొరికింది. ఆ రాత్రి బ్యాకప్ స్క్రిప్టు మామూలు టైముకే లేచి ఉంటుంది. డిస్కు లేకపోయినా /ఎంఎన్‌టీ/బ్యాకప్ అనే ఖాళీ ఫోల్డరు ఎస్‌ఎస్‌డీ మీద ఉంటుంది. పెళ్ళి ఫోటోలన్నీ అందులో పోసింది, నిండేదాకా. పొద్దున నువ్వు దాని మీదే డిస్కు మౌంట్ చేశావు. పరుపు కింద చీరలు పెట్టి పైన పరుపు వేసినట్టు. కింద ఉన్నవి డీయూకి కనబడవు. పరుపు ఎత్తకుండా, ఎస్‌ఎస్‌డీని ఇంకో ఫోల్డరు తలుపు నుంచి చూడాలంటే:

సుడో ఎంకెడిఐఆర్ /ఎంఎన్‌టీ/చూపు
సుడో మౌంట్ --బైండ్ / /ఎంఎన్‌టీ/చూపు
సుడో డీయూ -ఎస్‌హెచ్ /ఎంఎన్‌టీ/చూపు/ఎంఎన్‌టీ/బ్యాకప్

డిస్కు నిండాక ఫోల్డరు ఎలా చేస్తామనకు, ఆ 5 శాతం దాపుడు ఇలాంటప్పటికే.

స్టూడియో తమ్ముడు:
137జీ!! స్క్రిప్టు నా యూజరుతోనే నడుస్తోంది, అందుకే రూట్ వాటా ముట్టుకోకుండా 208 దగ్గర ఆగింది కాబోలు. ఇప్పుడే తీసేయనా?

పాత యునిక్స్:
ఆగు! చేయి జారి 'చూపు' అన్న మాట వదిలేశావంటే అసలు బ్యాకప్ పోతుంది. ముందు యూఎస్‌బీ డిస్కుని యూమౌంట్ చేసి (ఫోల్డరు నుంచి విడదీసి) కేబులు పీకి పక్కన పెట్టు. తర్వాత /ఎంఎన్‌టీ/బ్యాకప్‌లో ఏముందో చూడు. అవన్నీ /డేటాలో ఉన్నాయని రెండు మూడు పెళ్ళిళ్ళ ఫోల్డర్లు తెరిచి రూఢి చేసుకో. అప్పుడు తీసెయ్.

స్టూడియో తమ్ముడు:
అయ్యిందండీ. కేబులు నాన్న చేతికిచ్చి మరీ చేశాను. డీఎఫ్ ఇప్పుడు 34 శాతం, బిల్లింగు లేచింది.

ఎంవీపీ సెక్టార్:
స్క్రిప్టు మొదటి లైనుగా ఇది పెట్టుకోండి, డిస్కు లేకపోతే అక్కడే ఆగిపోతుంది:

మౌంట్‌పాయింట్ -క్యూ /ఎంఎన్‌టీ/బ్యాకప్ || ఎగ్జిట్ 1

ఇంకెవరికైనా డీఎఫ్ -హెచ్‌లో బోలెడు చోటున్నా ఇదే ఎర్రర్ వస్తే డీఎఫ్ -ఐ చూడండి. చిన్న ఫైళ్ళు లక్షల్లో పేరుకుంటే ఐనోడ్‌లు (ఫైలుకొకటి చొప్పున ఉండే గళ్ళు) ముందు అయిపోతాయి.

గాజువాక:
ఎన్‌సీడీయూ (డీయూ పనే తెర మీద చూపే ప్రోగ్రామ్) కూడా వేసుకో బాసూ. బాణం మీటలతో ఫోల్డర్లలోకి దిగొచ్చు, నాలాంటోళ్ళకి అదే హాయి. కాకపోతే దానికీ -ఎక్స్ ఇవ్వాలి.

స్టూడియో తమ్ముడు:
వేసుకున్నా. /హోమ్‌లో నేను మరిచిపోయిన 2019 నాటి డ్రోన్ వీడియోలు 18 జీబీ బయటపడ్డాయి. అవి ఎవరి పెళ్ళివో నాన్నని అడిగి గానీ ముట్టుకోను.