సమస్య: పదును పెరుగఁ గత్తి పనికిరాదు

నిర్వాహకుడు: బెంగళూరు మల్లేశ్వరంలో సాన పట్టేవాడి బండి ముందు నిలుచుని ఉండగా తట్టిన పాదమిది. వంటింటి కత్తికి ఏ సంఖ్య సానరాయి తరువాత ఏది వాడాలన్న (సంఖ్య పెరిగేకొద్దీ రాతి రేణువులు సన్నబడతాయి) విషయం దాటకుండా పూరించగలరు.

జయనగరం సభ్యురాలు:

రాతి వెంట రాయి రాచి యెన్మిదివేల
మేర దాఁక నునుపు మెఱయఁ జేయ
రామములగ తోలు రాపాడకయె జారు
పదును పెరుగఁ గత్తి పనికిరాదు

బసవనగుడి మాస్టారు: రామములగకు రాపాడటాన్ని యతిగా కూర్చిన తీరు ముచ్చటగా ఉందమ్మా, టమాటా అని రాసి ఉంటే పాదం అక్కడే చతికిలబడేది. అయితే సమస్య అడిగింది పదును, మీరు చెప్పింది నునుపు. సుమారు 15 మైక్రాన్ల రేణువులుండే 1000 సంఖ్య రాయి అంచున కంటికి ఆనని పళ్లను మిగులుస్తుంది, ఆ పళ్లే పండు తోలును పట్టుకుంటాయి. 8000 వాటిని చదును చేస్తుంది గనుక జారడం నిజమే కాని, దానిని పదును పెరగడమని ఎలా అంటాం? నా పూరణ చూడండి.

నాల్గువందలనెడి నాపరాతిని రోజు
నూఱ నూఱ నుక్కు నూలువోలె
సన్నగిల్లి తుదకు సగమైన మిగులదు
పదును పెరుగఁ గత్తి పనికిరాదు

జయనగరం సభ్యురాలు: మాస్టారూ, నాపరాయి నేలకు పరిచే బండ, ‘నాల్గు’కు యతి కుదరాలని సానరాయిని కడప బండగా మార్చేశారు. ‘సంఖ్య నాల్గువంద సానరాతిని రోజు’ అంటే యతీ నిలుస్తుంది, సానా నిలుస్తుంది. అంచు పెచ్చులూడినప్పుడు తప్ప 400 జోలికి పోరాదన్న మీ భావానికి మాత్రం తిరుగు లేదు. మునుపటి రుబ్బురోలు సమస్యలో నేను గురువును లఘువుగా వాడానని పది రోజులు గుర్తుచేసిన వారు మీరే కనుక, ఈ బండ సంగతి వదలలేకపోయాను.

విజయనగరం సభ్యుడు: 400 నుంచి నేరుగా 6000కు దూకినవాడి కత్తిని ఇద్దరూ మరిచారు. ముతకరాయి గీసిన లోతు గాట్లను అంత సన్నని రాయి చెరపలేదు. నడుమ 1000 మీద అంచు పొడవునా రెండో వైపు చిన్న మడత వేలికి తగిలేదాకా రుద్ది, 3000తో ఆ మడతను తీసివేస్తే కూరగాయల కత్తికి అంతకు మించి అక్కర లేదు. పద్యం రేపు పంపుతాను.

బసవనగుడి మాస్టారు: సవరణను అంగీకరించాను. రుబ్బురోలులోని ఆ గురువు మాత్రం ఇంకా లఘువుగానే ఉందమ్మా.